రిఫ్రిజిరేటర్ తల్లి నుంచి ఉమ్మి చుక్క దాకా

కిందటి వారం కార్యక్రమం అయ్యాక ఒకావిడ ఫోన్ చేశారు. గుళ్ళో సాయంత్రం భజన మధ్యలో ఆవిడ కొడుకు చెవులు మూసుకుని, కింద పడి ఏడిచాడట. వెనక నుంచి ఎవరో "పెంపకం సరిగ్గా లేకపోతే ఇంతే" అన్నారట. పిల్లాడికి ఆటిజం. ఆ మాటకి మనమున్న ఈ అమెరికాలోనే పెద్ద చరిత్ర ఉందండీ.

1943లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ డాక్టరు లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాశారు. ఆటిజం అనే స్థితిని వైద్యలోకం గుర్తించింది ఆ వ్యాసంతోనే. ఇది పుట్టుకతో వచ్చేదని మొదట ఆయనే అన్నారు. 1949కి మాట మారింది. మంచు కరగని రిఫ్రిజిరేటర్లలో పెట్టినట్టు ఈ పిల్లల్ని పెంచారని రాశారు. ఇంకేం, "రిఫ్రిజిరేటర్ తల్లి" అన్న ముద్ర పడిపోయింది. 1967లో షికాగోకి చెందిన బ్రూనో బెటల్‌హైమ్ పుస్తకం ఆ ముద్రని ఊరూరా మోసింది. నాజీ శిబిరాల్లో ఖైదీగా ఉండి వచ్చిన మనిషి ఆయన. ఆ ఖైదీలతో ఈ పిల్లల్ని పోల్చాడు. మరి కాపలావాడెవరు? కన్నతల్లి! నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి ఇది.

అంతకు మూడేళ్ళ ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ ఈ వాదాన్ని ఖండిస్తూ పుస్తకం రాశారు. ఆయన నౌకాదళంలో సైకాలజిస్టు, ఆటిజం ఉన్న పిల్లాడి తండ్రి. చివరికి 1969లో కానరే తల్లిదండ్రుల సభకి వచ్చి, మీ తప్పేమీ లేదని చెప్పారు. ఇరవై ఏళ్ళు పట్టింది.

ఆ తర్వాతే చూపు తల్లి మీంచి పిల్లాడి ఒంట్లోకి మళ్ళింది. మూత్రపిండాల మీదుండే గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోను వదులుతాయి. పొద్దున లేచిన అరగంటకి బాగా పెరుగుతుంది, రాత్రికి అడుగంటుతుంది. ఒత్తిడి వస్తే వేళ కాని వేళ కూడా ఎగుస్తుంది. దీన్ని కొలవాలంటే ఒకప్పుడు రక్తం తియ్యాలి. సూది చూస్తేనే హడలిపోయే పిల్లాడి దగ్గర ఒత్తిడి కొలవడానికి సూది! ఉమ్మితో పరీక్ష వచ్చాక ఆ బాధ తప్పింది.

2006లో కాలిఫోర్నియాలోని డేవిస్ యూనివర్సిటీలో బ్లైత్ కార్బెట్ బృందం పిల్లల్ని ఉత్తుత్తి ఎమ్మారై యంత్రంలోకి పంపి చూసింది. ఆటిజం ఉన్నవాళ్ళలో కార్టిసాల్ పెరిగింది. 2008లో వాళ్ళే ఇంకో సంగతి చెప్పారు: ఈ పిల్లల్లో సాయంత్రం దిగాల్సినంత దిగడం లేదు, పైగా లెక్క ఒక రోజున్నట్టు ఇంకో రోజు లేదు. అయితే 2014లో చూస్తే పొద్దుటి పెరుగుదలలో తేడా కనబడలేదు. కాబట్టి ఇది రోగం తేల్చే పరీక్ష కాదు, ఎవరైనా అలా అమ్మజూపితే నమ్మకండి.

నాకు నచ్చింది 2010 నాటి కెనడా అధ్యయనం. 42 మంది పిల్లల ఇళ్ళకి శిక్షణ పొందిన కుక్కల్ని ఇచ్చారు. లేవగానే పెరిగే కార్టిసాల్ అంతకుముందు 58 శాతం పెరిగేది, కుక్క వచ్చాక 10 శాతానికి తగ్గింది. కుక్కని తీసుకుపోయాక మళ్ళీ 48 అయింది. అమ్మానాన్నలు మాత్రం అన్ని రోజులూ ఆ అమ్మానాన్నలే!

ఫోన్ చేసినావిడకి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గుళ్ళో పొద్దున పూట జనం తక్కువే కదండీ, ఈ శనివారం అప్పుడే తీసుకెళతాను" అన్నారు.