ఎఫెసు మహాసభ (క్రీ.శ. 431)

రోమన్ చక్రవర్తి రెండవ థియోడోసియస్ ఆజ్ఞపై, నేటి టర్కీ పశ్చిమ తీరాన ఉన్న ఎఫెసులో జరిగిన బిషప్పుల సభ ఇది. మూడవ సార్వత్రిక మహాసభగా పేరొందింది. కాన్‌స్టాంటినోపుల్ పీఠాధిపతి నెస్టోరియస్‌ను మతభ్రష్టుడిగా తీర్మానించి ఇక్కడే పదవి నుంచి తొలగించారు.

అంతియొకయ సంప్రదాయంలో పెరిగిన సన్యాసి నెస్టోరియస్ 428లో పీఠమెక్కాడు. భక్తులు మరియను ‘థియోటొకోస్’, అంటే దేవమాత, అని కొలిచేవారు. అనాది అయిన దైవానికి పుట్టుకను ఆపాదించరాదనీ, ‘క్రీస్తుమాత’ అనడమే మేలనీ ఆయన బోధించాడు. అలా అంటే క్రీస్తు ఇద్దరుగా చీలిపోతాడనీ, సిలువ మీద బాధపడినవాడు దేవుడు కాకుంటే మనిషికి రక్షణే లేదనీ అలెగ్జాండ్రియా బిషప్పు సిరిల్ వాదించాడు. ఇద్దరి ఆవేదనా నిజమైనదే. దీన్ని ఉత్త అధికార పోరుగా కొట్టిపారేయడం అన్యాయం. అయితే పోరు ఉన్నమాటా వాస్తవం. 381లో కాన్‌స్టాంటినోపుల్‌కు రోము తర్వాతి గౌరవం దక్కడం అలెగ్జాండ్రియాకు మింగుడుపడలేదు. 403లో కాన్‌స్టాంటినోపుల్ పీఠం నుంచి జాన్ క్రిసోస్టమ్‌ను దింపించిన అలెగ్జాండ్రియా బిషప్పు థియోఫిలస్ సిరిల్‌కు మేనమామ.

431 జూన్ 7న, పెంతెకొస్తు పండుగ నాటికి, సభ కూడాలి. అంతియొకయ బిషప్పు యోహాను బృందం దారిలోనే ఉంది; పోప్ సెలెస్టీన్ ప్రతినిధులూ చేరలేదు. సిరిల్ పక్షాన ఉన్న స్థానిక బిషప్పు మెమ్నోన్, నెస్టోరియస్‌ను చర్చిల్లోకి రానివ్వలేదు. మిగతావారు వచ్చేదాకా ఆగాలని 68 మంది బిషప్పులు రాసి ఇచ్చారు. చక్రవర్తి ప్రతినిధి కాండిడియన్ అభ్యంతరం చెప్పాడు. అయినా జూన్ 22న మరియ పేరిట ఉన్న చర్చిలో సిరిల్ తన అధ్యక్షతనే సభ ప్రారంభించాడు. నేరం మోపినవాడే తీర్పరి అయిన ఆ సభకు నెస్టోరియస్ రానన్నాడు. అతని మాట వినకుండానే, సాయంత్రానికల్లా తీర్పు వెలువడింది. సిరిల్ వాదనలో ఎంత బలమున్నా ఈ పద్ధతిని సమర్థించలేం.

జూన్ 26న వచ్చిన యోహాను 40 మందికి పైగా బిషప్పులతో వేరే సభ జరిపి సిరిల్‌నూ మెమ్నోన్‌నూ తొలగించాడు. జూలైలో వచ్చిన పోప్ ప్రతినిధులు మాత్రం సిరిల్ సభనే ఆమోదించారు. చక్రవర్తి మొదట నెస్టోరియస్, సిరిల్, మెమ్నోన్ ముగ్గురి తొలగింపునూ ఖాయం చేసి, వారిని నిర్బంధించాడు. రాజధానిలో సన్యాసి డల్మేషియస్ వెంట జనం వీధుల్లోకి రావడంతో ఆస్థానం సిరిల్ పట్ల మెత్తబడింది. తర్వాతి రోజుల్లో ఆస్థాన ఉద్యోగులకు అలెగ్జాండ్రియా నుంచి 1,000 పౌండ్లకు మించిన బంగారం, తివాచీలు, దంతపు కుర్చీలు వెళ్లాయి. సిరిల్ అనుచరుడు ఎపిఫేనియస్ రాసిన లేఖతో పాటు ఈ కానుకల జాబితా ఇప్పటికీ నిలిచి ఉంది.

433లో సిరిల్, యోహాను రాజీపడ్డారు. దేవమాత అన్న పేరు నిలిచింది, క్రీస్తులో రెండు స్వభావాలున్నాయన్న మాటకూ చోటు దక్కింది. నెస్టోరియస్ ఒక్కడే బలయ్యాడు. ఈజిప్టు ఎడారి ప్రవాసంలో తన వాదాన్ని గ్రంథంగా రాసుకున్నాడు. దాని సిరియాక్ అనువాదం 1910లో అచ్చయింది.

పర్షియాలో వేళ్లూనిన తూర్పు సంఘం నెస్టోరియస్‌ను గురువుగా గౌరవిస్తూనే వచ్చింది. 1994లో పోప్ రెండవ జాన్ పాల్, ఆ సంఘ పాట్రియార్క్ నాలుగవ మార్ దిన్ఖా ఉమ్మడి ప్రకటనపై సంతకం చేసి, మరియ విషయంలో రెండు సంఘాల సంబోధనలూ సమ్మతమేనని అంగీకరించారు.