బిడ్డకు మాట ఆలస్యమైతే తప్పు తెలుగుదా?



1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉండేది. ఆ రోజున కోరాపుట్ జిల్లా అయింది. 1992 అక్టోబరు 2న అందులోంచి రాయగడ విడిపోయింది. సరిహద్దులు ఎన్ని మారినా మన ఇళ్లలో తెలుగు నిలిచింది. బడిలో ఒడియా, సంతలో దేశియా, చుట్టుపక్కల కువి, సవర, గదబ. మన పిల్లలు ఉయ్యాలలోనే రెండు మూడు భాషలు వింటారు.

అందుకేనేమో, రెండేళ్లు నిండినా బిడ్డ మాట్లాడకపోతే మనవాళ్లు ముందు భాషల మీదే నింద వేస్తారు. "తికమకపడుతోంది, ఇంట్లో తెలుగు మానెయ్యండి" అంటారు. ఒడియా సరిగా రాని నాయనమ్మ ఇక మనవరాలితో ఏం మాట్లాడాలి? ఆ ఇంట్లో బిడ్డ వినే మాటలే తగ్గిపోతాయి.

ఈ భయానికి జవాబు ఒడిశాలోనే ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త అజిత్ కుమార్ మొహంతి ఫుల్బాణీ ప్రాంతపు కొంధ్ బడి పిల్లల్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. కుయి, ఒడియా రెండూ వచ్చిన పిల్లలు, ఒడియా ఒక్కటే వచ్చినవాళ్ల కంటే భాష గురించి ఆలోచించే పరీక్షల్లో ముందున్నారు. పసిపిల్లల మాటా అంతే. రెండు భాషలు వినడం వల్ల భాషా లోపం రాదు. నిజంగా లోపముంటే అది బిడ్డ వినే అన్ని భాషల్లోనూ కనిపిస్తుంది. కాబట్టి మాటలు లెక్కపెట్టేటప్పుడు అన్నీ కలిపి లెక్కించాలి. "పాలు" అని తెలుగులో, "పాణి" అని ఒడియాలో అంటే రెండు మాటలు వచ్చినట్టే.

ఏడాది దాటేసరికి ఒకటో రెండో మాటలు, రెండేళ్లకు సుమారు యాభై మాటలు, "అమ్మా రా" లాంటి జంట మాటలు రావాలి. ఆలస్యమైన పిల్లల్లో చాలామంది తర్వాత అందుకుంటారు, కొందరు అందుకోరు. ఎవరు ఏ కోవలోకి వస్తారో ఇంట్లో కూర్చుని తేల్చలేం. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాస్తూ రోజులు గడిపితే విలువైన కాలం పోతుంది.

మొదట చూడాల్సింది వినికిడి. మన గుణుపురానికి పొరుగునున్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల మాట నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి చెవుడు తెచ్చుకున్నారు. ఆయనకు అప్పటికే భాష వచ్చు కనుక పని ఆగలేదు. మాటలు రాకముందే వినికిడి పోయిన బిడ్డకు ఆ ఆసరా లేదు. జబ్బుకు ఇచ్చే కొన్ని మందులు, మానని చెవి చీము కూడా వినికిడిని దెబ్బతీస్తాయి.

1995 నాటి వికలాంగుల చట్టంలోని ఏడు రకాల వైకల్యాల్లో మాట, భాషా లోపం లేదు. 2016 చట్టం దాన్ని చేర్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్వాడీలకే వైద్య బృందాలు వస్తాయి. వాళ్లు చూసే వాటిలో భాషా జాప్యం కూడా ఉంది. బృందం వచ్చిన రోజున బిడ్డను తప్పక తీసుకెళ్లండి. చెవి పరీక్షకు ఎక్కడికి పంపుతారో అడిగి రాయించుకోండి.

మన సభ్యుల ఇళ్లలో ఇలాంటి బిడ్డ ఉంటే దాచకండి. తోడు వెళ్లడానికి, ఒడియాలో మాట్లాడిపెట్టడానికి మనం ఉన్నాం. నాయనమ్మను మాత్రం తెలుగులోనే కబుర్లు చెప్పనివ్వండి.