జల్లాఖ్ దారిలో జమ్మిచెట్టు

స్వదేశం నుంచి చుట్టాలు వస్తే మనం తప్పక తీసుకుపోయే చోటు ‘జీవవృక్షం’. జల్లాఖ్‌కు ఆగ్నేయంగా, జెబెల్ దుఖాన్ కొండకు ఆవల, ఇసుకలో ఒంటరిగా నిలిచిన ఆ నాలుగు వందల ఏళ్ళ చెట్టు మన జమ్మియే. దసరాకు ఊరి పొలిమేర దాకా వెళ్ళి మనవాళ్ళు పూజించేదీ, 2014లో తెలంగాణ తన రాష్ట్ర వృక్షంగా ఎంచుకున్నదీ ఇదే.

ఆ ఒక్క చెట్టును చూసి ఈ దీవి మొదటినుంచీ ఎడారే అనుకోరాదు. ఉత్తర తీరం పొడవునా ఒకప్పుడు మంచినీటి ఊటలుండేవి. వాటి కింద ఖర్జూర వనాలు, ఖర్జూరం నీడన దానిమ్మ, నిమ్మ, మన నాటుబాదం, వాటి కింద పశువుల మేత. ఎత్తుకొక జాతి చొప్పున అల్లుకున్న ఆ తోటలో ఎండ నేలను తాకేది తక్కువ. ఆకులు ఆవిరి చేసే నీటివల్ల గాలికూడా చల్లబడేది. ఆ ఊటల్లో పెద్దపేరున్నది అధారి. దానిమీద ఇక్కడివారిది ఒక సామెత: అధారి దూరపువాళ్ళను తడుపుతుంది, దగ్గరివాళ్ళను విడిచిపెడుతుందట! కాలువలు తన పక్కనున్న నేలను దాటి దూరపు తోటలకు పోయేవి మరి.

1925లో ఫ్రాంక్ హోమ్స్ అనే ఆయన ఇక్కడ మంచినీటి బావులు తవ్వించి పాలకుల మెప్పు పొందాడు, చమురు అన్వేషణకు అనుమతి సంపాదించాడు. 1932లో చమురు పడింది. కంపెనీ ఉద్యోగులకు, ముఖ్యంగా పాశ్చాత్యులకు, అవాలీ పట్నం వెలసింది. గొట్టపు నీళ్ళతో అక్కడ తోటలు పెరిగాయి. జల్లాఖ్ మాత్రం చేపలు, ముత్యాల మీద బతికిన పల్లె. తరువాతి దశాబ్దాలలో బోర్లు తోడిన కొద్దీ ఊటలు ఎండిపోయాయి. అప్పటినుంచి నీళ్ళ గొట్టం పోయిన చోటికే నీడ పోయింది.

ఈ తేడా మన దీవికే పరిమితం కాదు. అమెరికాలో 1930లలో బ్యాంకు అప్పులకు పనికిరావని పటాలమీద ఎర్రగీత గీసిన పేటలు ఈనాటికీ పక్కపేటలకన్న సగటున 2.6 సెంటీగ్రేడ్ డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నాయని 108 నగరాలను పరిశీలించి 2020లో తేల్చారు. చెట్లు తక్కువ కావడం ఒక కారణం.

చెట్టు ఉంటే చాలదు, ఏ చెట్టన్నదీ చూడాలి. త్వరగా పచ్చబడుతుందని గల్ఫ్ అంతటా వరుసలు కట్టి నాటిన కోనోకార్పస్ వేళ్ళు నీటి గొట్టాలను చీల్చాయి. తెలంగాణలో హరితహారం కింద దాన్నే నాటి, 2022లో ఆపేశారు. ఖర్జూరం ఒక్కటే వరుసగా వేసినా నీడ పలచన. వేప, రేగు, జమ్మి కలిస్తేనే గొడుగు.

2007 నుంచి వేసవిలో మధ్యాహ్నం ఎండలో బయటి పని నిషేధించారు. మంచిపనే. అయితే ఆ గంటల్లో కూర్చోడానికి నీడ ఏదీ? ఈ దీవి రోడ్ల పక్కన మొక్కలకు నీళ్ళు పోసేవారిలో మనవాళ్ళూ ఉన్నారు. పొద్దుగూకాక బస్సెక్కి వారు చేరే క్యాంపుల్లో చాలాచోట్ల చెట్టన్నది లేదు. అధారి సామెత మనకు అక్కడ గుర్తుకు వస్తుంది.

18 లక్షల చెట్లను 2035 నాటికి 36 లక్షలు చేస్తామని బహ్రెయిన్ 2021లో ప్రకటించింది. వాటిలో కొన్నయినా క్యాంపు గోడల వెంట, బస్సు ఆగే చోట పడాలని మనం అడగవచ్చు. పెరిగిన తరువాత గొట్టం కోసం కాచుకోని జమ్మి అందుకు పనికొస్తుంది.