మెదకు చర్చి: రాళ్ళు మోసినవారి చరిత్ర

మెదకు చిన్న పట్టణం. అందులో 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల శిఖరంతో ఒక గోథిక్ దేవాలయం నిలిచి ఉండడం చూసేవారికి నేటికీ విస్మయమే. దీన్ని కట్టించినవారు వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్. 1914లో ఆరంభమైన నిర్మాణం పదేళ్ళు సాగింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది.

ఆ రోజులు కరువు రోజులు. ఊరికే అన్నం పెట్టడంకంటే పని కల్పించి పెట్టడం మేలని పోస్నెట్ తలచారనీ, పరిసర గ్రామాల పేదలు ఆ పనితోనే ప్రాణాలు నిలుపుకున్నారనీ ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. దీన్ని దయ అనాలా, ఆకలితో కుదిరిన బేరం అనాలా? రెండూ కొంత నిజమేనేమో. కూలికి పోవడానికి మరో చోటు లేనివాడికి ఈ తేడా పెద్దగా పట్టి ఉండదు. అయితే చరిత్ర రాసేవారికి పట్టాలి. లోపలి రంగుటద్దాల కిటికీలను రూపొందించిన ఫ్రాంక్ సాలిస్‌బరీ పేరు అందరికీ తెలుసు. రాళ్ళు మోసినవారి పేర్లు మాత్రం ఏ గోడమీదా కనబడవు.

క్రైస్తవంలో కాంగ్రిగేషనల్ అనే మరో శాఖ ఉంది. వారి దృష్టిలో చర్చి అంటే కట్టడం కాదు, కూడిన జనం. ఏ ఊరి సంఘం ఆ ఊరికి స్వతంత్రం. పైన బిషప్పు ఉండడు. ఆ సంప్రదాయం ప్రధానమైన లండన్ మిషనరీ సొసైటీ 1805లోనే విశాఖపట్నం చేరింది, తరువాత కడపలో పాదుకొంది. 1908లో ఈ సంఘాలు ప్రెస్బిటేరియన్లతో కలిసి దక్షిణ భారత ఐక్య సంఘమయ్యాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆ సంఘమూ, మెథడిస్టులూ, ఆంగ్లికన్లూ ఏకమై దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. నిజాం రాజ్యం ఇంకా భారతదేశంలో కలవకముందే మెదకు చర్చి ఆ ఐక్యతలో చేరి, బిషప్పు పీఠమైంది.

బిషప్పులే వద్దన్నవారూ, పెద్ద శిఖరం ఎత్తినవారూ ఇలా ఒకే కప్పు కిందికి వచ్చారు. శిఖరానికి 2024లో నూరేళ్ళు నిండాయి. "కూడిన జనమే చర్చి" అన్న మాటను నమ్మితే, ఆ నూరేళ్ళ చరిత్ర రాళ్ళు మోసినవారితో మొదలు కావాలి. మిత్రులారా, మీ ఊళ్ళ పాత చర్చిల గురించి, గుడుల గురించి, మసీదుల గురించి ఇటువంటి జ్ఞాపకాలు పెద్దల నోట ఇంకా వినబడుతుంటే దయచేసి రాసిపెట్టండి. రాయికున్న ఆయుష్షు మాటకు లేదు.