సమాధి లేని మనిషికి జాగారం

లియు షియావ్‌బో 2017 జూలై 13న చనిపోయాడు. 15న షెన్‌యాంగ్‌లో దహనం చేశారు. అదే రోజు చితాభస్మాన్ని డాలియన్ దగ్గర సముద్రంలో కలిపేశారు. మనకిందులో వింతేమీ కనబడదు, అస్థికలు నీళ్ళలో కలపడం మన ఆచారమే. కానీ చైనాలో ఏటా ఏప్రిల్‌లో చింగ్‌మింగ్ పండగకి జనం తమవాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్తారు. చుట్టూ ఊడ్చి, పూలు పెట్టి వస్తారు. సమాధే లేకపోతే ఎక్కడికి వెళ్తారు? కుటుంబమే అలా కోరుకుందని అధికారులు చెప్పారు. మిత్రులు నమ్మలేదు. ఆయన భార్య లియు షియా అప్పటికి దాదాపు ఏడేళ్ళుగా గృహనిర్బంధంలో ఉంది. ఆమెని అడిగి తెలుసుకునే వీలు ఎవరికీ లేకపోయింది.

లియు సాహిత్య విమర్శకుడు. 1989లో అమెరికా నుంచి బీజింగ్‌కి తిరిగొచ్చి, తియానన్మెన్‌లో మరో ముగ్గురితో కలిసి నిరాహారదీక్షకి కూర్చున్నాడు. జూన్ 4 తెల్లవారుజామున, మిగిలిన విద్యార్థులు ప్రాణాలతో బయటపడేలా సైన్యంతో ఒప్పందం కుదిర్చింది ఆ నలుగురే. ఆ తర్వాత దాదాపు ప్రతి ఏడాదీ ఆ రోజున చనిపోయినవాళ్ళ కోసం ఒక కవిత రాశాడు. 2008లో ప్రజాస్వామ్య సంస్కరణలు కోరిన 'చార్టర్ 08' రచనలో పాలుపంచుకున్నందుకు 11 ఏళ్ళ శిక్ష పడింది. 2010లో నోబెల్ శాంతి బహుమతిని ఆస్లోలో ఒక ఖాళీ కుర్చీలో పెట్టారు. కాలేయ క్యాన్సర్ ముదిరాక ఆయన్ని జైలు నుంచి ఆసుపత్రికి మార్చారు కానీ కాపలా తియ్యలేదు, వైద్యానికి విదేశాలకి పోనివ్వలేదు.

ఇంత పెద్ద రాజ్యానికి రెండు రోజుల్లో అంతా ముగించెయ్యాలన్న తొందరెందుకు? జవాబు ఆ దేశ చరిత్రలోనే ఉందనిపిస్తుంది. 1976లో చింగ్‌మింగ్ నాడు, జనవరిలో పోయిన చౌ ఎన్‌లై కోసం జనం తియానన్మెన్‌లో పూలచక్రాలు పెట్టారు. రాత్రికి రాత్రి వాటిని తీయించేసరికి మర్నాడు సంతాపం కాస్తా నిరసన అయింది. 1989 ఉద్యమమూ ఏప్రిల్ 15న చనిపోయిన హు యావ్‌బాంగ్‌కి నివాళిగానే మొదలైంది. సభ పెట్టాలంటే అనుమతి కావాలి గానీ ఏడవడానికి ఎవరి అనుమతీ అడగం కదా! పాలకులు ఈ పాఠాన్ని ఉద్యమకారుల కంటే శ్రద్ధగా నేర్చుకున్నారు.

అందుకే ఈసారి ఫోన్లలో సంతాపాన్ని కూడా వదల్లేదు. వైబోలో కొవ్వొత్తి ఎమోజీని ఆపేశారు. వీచాట్‌లో ఇద్దరి మధ్య జరిగే ప్రైవేటు సంభాషణల్లో సైతం లియు ఫొటోలు అవతలివాళ్ళకి చేరలేదని టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజెన్ ల్యాబ్ పరిశోధకులు గుర్తించారు. పంపినవాళ్ళకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. నేను చేసేదీ సాఫ్ట్‌వేర్ పనే కాబట్టి నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. అక్కడ లాఠీ లేదు, పోలీసూ లేడు. నాలాంటి ఉద్యోగి ఎవరో ఆఫీసులో కూర్చుని, పంపిన కొవ్వొత్తి వెలగకుండా ఉండే కోడ్ రాసి, టెస్ట్ చేసి, సాయంత్రం ఇంటికి వెళ్ళి ఉంటాడు.

చనిపోయిన ఏడో రోజున ఆత్మ ఇంటికి తిరిగొస్తుందని చైనీయుల నమ్మకం. ఆ జూలై 19న హాంకాంగ్‌లోనూ ఇంకా ఎన్నో దేశాల్లోనూ జనం నీటి ఒడ్డుకి చేరి కొవ్వొత్తులు వెలిగించారు. సమాధి లేకుండా చెయ్యాలనుకుంటే సముద్రపు ఒడ్డులన్నీ సమాధులయ్యాయి. గ్వాంగ్‌డాంగ్ తీరంలో అలాగే నివాళి అర్పించిన కొందరిని తర్వాత అరెస్టు చేశారు.

జాగారానికి ఓటమి లేదని మాత్రం అనలేను. 1990 నుంచి ఏటా జూన్ 4న హాంకాంగ్ విక్టోరియా పార్కులో జరిగిన కొవ్వొత్తుల సభని 2020లో నిషేధించారు. దాన్ని నడిపిన సంస్థ మరుసటి ఏడాదే రద్దయింది. లియుని ఆ జాగారాలేవీ బతికించలేదు. కానీ ఆయనే ఏటేటా, జనం మర్చిపోవాలని ప్రభుత్వం కోరుకున్న పేర్ల కోసం ఒంటరిగా కూర్చుని రాశాడు. ఎవరో ఒకరు అలా మేలుకుని ఉన్నంతకాలం, ఆ మరణం గురించి ప్రభుత్వం చెప్పిందే చివరి మాట కాదు.