రైలు పట్టాల కొలతలో పుట్టిన బొమ్మకారు

1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే ఒక కొత్త విభాగం తెరిచింది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. పని రోడ్డు మీద, పెత్తనం మాత్రం రైలు కంపెనీది. మన ఆర్టీసీకి మూలం అదే. మరుసటి ఏడాది డిసెంబరులో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో బొమ్మరైళ్లకు పేరుపడ్డ ఫ్రాంక్ హార్న్‌బీ కంపెనీ ఆరు చిన్న మోటారు బళ్లను ఒక పెట్టెలో సర్ది అంగళ్లకు పంపింది. అప్పటికి వాటికి సొంత పేరంటూ లేదు. బొమ్మ స్టేషను ముందు స్థలం బోసిగా కనబడుతుంది కాబట్టి అక్కడ నిలబెట్టడానికి చేసిన సరంజామా అది. ఇక్కడ బస్సు, అక్కడ బొమ్మకారు, రెండూ రైలు పంచన చేరే లోకంలోకి వచ్చాయి.

కాజీపేట జంక్షను చూస్తూ పెరిగినవాళ్లకు ఈ వరస కొత్తగా తోచదు. వరంగల్ మీదుగా సికింద్రాబాద్ నుంచి బెజవాడ దాకా రైలు 1889 నాటికే నడిచింది. 1929లో కాజీపేట, బల్లార్షాల మధ్య లైను పూర్తయ్యాక మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి పడింది. ఊళ్లోకి మోటారు బండి వచ్చేసరికే కొలతలు, వేళలు, టికెట్లు అన్నీ రైలు నేర్పి పెట్టింది. బొమ్మకార్ల సేకరణ మొదలుపెట్టేవారిని మొట్టమొదట తికమక పెట్టే అంకెలు కూడా అలా రైలు నేర్పినవే. కారు పెట్టె మీద 1:43 అని ఉంటుంది. ఇంకోదాని మీద 1:64, మరోదాని మీద 1:18. అసలు కారులో 43వ వంతు, 64వ వంతు, 18వ వంతు అని అర్థం. అర్థం తెలియడం తేలికే. నలభయ్యో యాభయ్యో కాకుండా 43 ఎందుకన్న దగ్గరే చిక్కు.

దానికి జవాబు జర్మనీలో దొరుకుతుంది. 1891లో లైప్‌జిగ్ సంతలో మెర్‌క్లిన్ అనే బొమ్మల కంపెనీ రైలు పట్టాలకు అంకెలు కట్టింది. ఒకటో నంబరు పట్టా, రెండో నంబరు పట్టా, మూడో నంబరు పట్టా. అప్పటిదాకా ఒక రైలు కొన్నవాడికి వేరే చోట కొన్న పట్టాలు అతికేవి కావు. కొన్నేళ్లకు ఒకటి కంటే చిన్న పట్టా అవసరం పడి, దానికి సున్నా అని పేరు పెట్టారు. పట్టాల మధ్య వెడల్పు 32 మిల్లీమీటర్లు. ఆ పట్టా మీద నడిచే బండికి బ్రిటన్‌వాళ్లు అసలు రైలులోని ఒక అడుగుకు బొమ్మలో ఏడు మిల్లీమీటర్లు అన్న లెక్క పెట్టుకున్నారు. అడుగు అంటే 304.8 మిల్లీమీటర్లు. దాన్ని ఏడుతో భాగిస్తే 43.5. ఒక పక్క అడుగులు, ఇంకో పక్క మిల్లీమీటర్లు కలిసి పుట్టించిన అంకె అది. అదే పట్టా మీద జర్మన్లు 45వ వంతు రైళ్లు, అమెరికన్లు 48వ వంతు రైళ్లు నడిపారు. కార్ల విషయంలో మాత్రం బ్రిటన్, ఫ్రాన్సు కంపెనీలదే పైచేయి కాబట్టి 43 నిలిచిపోయింది.

హార్న్‌బీ బళ్లకు 1934లో డింకీ టాయ్స్ అన్న పేరు వచ్చింది. రైలు లేని ఇళ్ల పిల్లలు కూడా వాటిని కొనడం మొదలుపెట్టారు. సరంజామాగా వచ్చిన వస్తువు కొన్నేళ్లలో రైలును దాటిపోయింది. తొలినాటి బళ్లు సీసం కలిపిన లోహంతో పోతపోసినవి. ఆ తర్వాత జింకు మిశ్రమలోహం వచ్చింది. ఆ జింకులో సీసం లాంటి మలినం కొంచెం కలిసినా ఏళ్లు గడిచేకొద్దీ బొమ్మ లోలోపల బీటలువారి పొడి అయిపోతుంది. యుద్ధానికి ముందరి డింకీలు ఇవాళ అరుదు కావడానికి పిల్లల ఆటలతో పాటు ఈ తెగులూ కారణమే.

తెలుగు పాఠకుడికి డింకీ చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించే బండి 1950లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్. దాని నంబరు 40జి, తర్వాత 159 అయింది. ఆ మోరిస్ కారునే స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో హిందుస్థాన్ మోటార్స్ మన దేశంలో హిందుస్థాన్ 14 పేరుతో అమ్మింది. దాని తర్వాతి తరం మోరిస్ ల్యాండ్‌మాస్టర్ అయింది, ఆ పై తరం అంబాసిడర్ అయి 2014 దాకా తయారైంది. అంటే కలెక్టరాఫీసు ముందు, పెళ్లివారి విడిది ముందు దశాబ్దాల పాటు ఆగిన కారు తాత లివర్‌పూల్ బొమ్మల ఫ్యాక్టరీలో ఎప్పుడో అచ్చుకెక్కింది. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ బిగించి అమ్మిన వాన్‌గార్డ్ కూడా డింకీ వరసలో ఉంది. ప్రీమియర్ పద్మినికి మూలమైన ఫియట్ 1100ను ఇటలీ కంపెనీలు 43వ వంతులో చేశాయి. డింకీ పాత అచ్చులు 1960ల చివర కలకత్తా చేరి, నిక్కీ టాయ్స్ అన్న పేరుతో ఇక్కడే బొమ్మలు పోశాయి. వాటి పోత మోటు, రంగు పలచన. అయినా మన దేశంలో పోసిన డింకీలంటే విదేశీ సేకర్తలు ఇవాళ వెతికి మరీ కొంటారు.

43వ వంతుకు ఇంత వంశవృక్షం ఉంటే, అగ్గిపెట్టె కార్లకు అసలు స్కేలే లేదు. లండన్‌లో లెస్లీ స్మిత్, రాడ్నీ స్మిత్ అనే ఇద్దరు స్నేహితులు 1947లో లెస్నీ కంపెనీ పెట్టారు. ఇద్దరి పేర్ల ముక్కలు కలిపితే వచ్చిన పేరది. పోతపనిలో ఆరితేరిన జాక్ ఓడెల్ వాళ్లతో చేరాడు. ఆయన కూతురి బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలు మాత్రమే తేవాలన్న నియమం ఉండేది. ఓడెల్ ఒక చిన్న ఇత్తడి రోడ్డు రోలరు చేసి అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చాడు. తోటి పిల్లలందరికీ అదే కావాల్సి వచ్చింది. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకపు గుర్రబ్బండి బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడై కంపెనీకి డబ్బు తెచ్చింది. అదే ఏడు మ్యాచ్‌బాక్స్ వరస మొదలైంది. మొదటి నంబరు రోడ్డు రోలరు, మూడోది కాంక్రీటు కలిపే యంత్రం, అయిదోది లండన్ డబుల్ డెక్కర్ బస్సు. అసలు రోడ్డు మీద వీటి పరిమాణాలకు పొంతనే లేదు. బొమ్మలుగా అన్నీ ఇంచుమించు ఒకే అగ్గిపెట్టె సైజు. ఇక్కడ కొలబద్ద పట్టుకున్నది పెట్టె.

జపాన్‌లో టోమీ కంపెనీ 1970లో తెచ్చిన టోమికా కార్లదీ ఇదే పద్ధతి. పెట్టె మారదు, స్కేలు మారుతుంది. ఏ బండి ఎన్నో వంతో దాని అడుగున నిజాయితీగా చెక్కి ఉంచుతారు. చిన్న కారు 60వ వంతు కావచ్చు, పక్కనున్న బస్సు అందులో సగం వంతు కావచ్చు. కొండపల్లి దశావతారాల పక్కన సెల్యులాయిడ్ పాప, ఆ పక్కన లక్కపిడతలు పెట్టి సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చే ఇళ్లలో ఈ అసమానత ఎవరికీ తప్పుగా తోచదు. మన కొలువులో మెట్టు ముఖ్యం, వంతు కాదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగం చూసినా మూడో సాలార్‌జంగ్ కొన్న బొమ్మల్లో స్కేలు పట్టింపు కనబడదు. నచ్చింది కొన్నాడు, అంతే. స్కేలు పాటించడం అన్నది బొమ్మరైళ్లవాళ్ల క్రమశిక్షణ. ఒకే లోకంలోని వస్తువులు ఒకే కంటితో చూసినట్టు ఉండాలన్న పట్టుదల.

64వ వంతు ఆ పట్టుదలకూ, పెట్టె పద్ధతికీ నడుమ పుట్టింది. అడుగుకు అంగుళంలో పదహారింట మూడు వంతులు అన్న లెక్కతో అమెరికాలో ఒక రకం బొమ్మరైళ్లు ఉండేవి. 64 అంకె అక్కడిది. 1968లో మ్యాటెల్ కంపెనీ అధిపతి ఇలియట్ హ్యాండ్లర్ 16 కార్లతో హాట్‌వీల్స్ మొదలుపెట్టాడు. సన్నని ఉక్కు తీగ ఇరుసులు, రాపిడి తక్కువ చక్రాలు, నారింజరంగు ప్లాస్టిక్ దారి. నేల మీద నిదానంగా తోసుకునే మ్యాచ్‌బాక్స్ కారు ఒక్కసారిగా పాతబడింది. ఏడాది తిరిగేసరికి లెస్నీవాళ్లూ చక్రాలు మార్చుకోక తప్పలేదు. హాట్‌వీల్స్ కార్లన్నీ కచ్చితంగా 64వ వంతు కావు. ఆ నారింజ దారిలో పట్టాలి కాబట్టి పెద్ద కారును కుదించారు, చిన్నదాన్ని సాగదీశారు. మన దేశంలో 1980ల్లో బ్లోప్లాస్ట్‌తో కలిసి లియో పేరు మీద ఇవి తయారై బొమ్మల కొట్లకు వచ్చాయి. ఇవాళ హన్మకొండ సూపర్ మార్కెట్లలో కొక్కేనికి వేలాడే కారు వాటి వారసురాలే. చాలామంది సేకరణ అక్కడే మొదలవుతుంది, ఆ అట్ట మీది బొమ్మకు మనసు పడి. అందులో తప్పేమీ లేదు. ఇరవై ముప్పై కార్లు చేరాక పక్కపక్కన పేర్చి చూస్తే లారీ, కారు ఒకే పొడవు ఉన్నాయన్న అసంతృప్తి కొందరిలో మొదలవుతుంది. స్కేలు గురించిన ఆలోచన వాళ్లకు అప్పుడొస్తుంది.

పెద్ద కొలతలది వేరే దారి. 24వ వంతు అంటే అడుగుకు అర అంగుళం. 18వ వంతును ఇటలీ బురాగో కంపెనీ 1970ల నుంచి ఇంటింటి వస్తువు చేసింది. తలుపులు తెరుచుకుంటాయి, స్టీరింగు తిప్పితే చక్రాలు తిరుగుతాయి, బానెట్ ఎత్తితే ఇంజను కనబడుతుంది. చూడ్డానికి కన్నులపండువే. అయితే 64వ వంతు కారు కంటే పొడవులో మూడున్నర రెట్లున్న ఈ బొమ్మ, ఆక్రమించే చోటులో మాత్రం 45 రెట్లు. రెండు గదుల ఇంట్లో అలమర ఒక్క ఏడాదిలో నిండుతుంది.

వరంగల్ లెక్కలో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. దేశంలోనే తొలి ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల ఇక్కడ 1959లో వచ్చింది. దేశం అంగుళాలు వదిలి మెట్రిక్ కొలతలకు మళ్లుతున్న కాలమది. అక్కడి డ్రాయింగ్ హాల్లో స్కేలు అంటే 1:20, 1:50 లాంటి గుండ్రటి అంకెలు. ఆ చదువు చదివినవారికి 43, చిన్న రైళ్ల వంతులైన 76, 87 చూస్తే చిరాకు వేయడం సహజం. అంబాసిడర్ పొడవు 4.3 మీటర్లకు కొంచెం పైన. 43వ వంతులో అది ఇంచుమించు పది సెంటీమీటర్లు. 64వ వంతులో ఏడుకు కాస్త తక్కువ. 18వ వంతులో 24. 87వ వంతులో అయిదు. పాతరోజుల ఏపీ 36 నంబరుపలక అర మీటరు పొడవుంటుంది. 43వ వంతులో అది 11.6 మిల్లీమీటర్లు, అక్షరాలు చదవొచ్చు. 64వ వంతులో ఎనిమిదికి లోపే, భూతద్దం కావాలి. మన ఊరి కారు అని చెప్పగల గుర్తు ఆ పలకే అయినప్పుడు ఈ తేడా చిన్నది కాదు.

కాజీపేట స్టేషను ముందు తన కార్లను నిలబెట్టాలనుకునేవారికి మరో ఇబ్బంది ఉంది. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. 43.5వ వంతులో 38.5 రావాలి, బజారులో దొరికే పట్టా 32 మాత్రమే. 87వ వంతులో 19.3 కావాలి, దొరికేది 16.5. యూరప్ రైలు వెడల్పు 1,435 మిల్లీమీటర్లు కాబట్టి ఆ పట్టాలు వాళ్లకు పనికొస్తాయి, మనకు పనికిరావు. కార్లకు స్కేలు ఇచ్చిన రైలు, వరంగల్ రైలుకు మాత్రం సరిపోదు. పట్టా చేత్తో వేసుకోవాల్సిందే, కొందరు వేసుకుంటారు కూడా.

ఏనుమాముల మార్కెట్‌కు మిరప బస్తాలు మోసిన ముక్కు లారీల మీద మక్కువ ఉన్నవారు 87వ వంతు చూడాలి. 1954లో టాటా కంపెనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టింది. ఆ కాలపు మెర్సిడెస్ లారీలను జర్మన్లు తమ చిన్న రైళ్లకు తోడుగా ఆ వంతులో బాగా చేశారు. ఊరి రోడ్ల మీది అంబాసిడర్, ఫియట్ కావాలంటే 43 మేలు. ఢిల్లీ టాక్సీ రంగుల్లో అంబాసిడర్ ఆ వంతులోనే వచ్చింది, హిందుస్థాన్ 14 కావాలంటే పాత డింకీ మోరిస్ ఉండనే ఉంది. కొత్త కార్లు, వేగం, తక్కువ ఖర్చు కావాలంటే 64కు తిరుగులేదు.

ఆర్టీసీ బస్సు దగ్గర మాత్రం ఈ మూడూ తడబడతాయి. పదకొండు మీటర్ల బస్సు 43వ వంతులో పాతిక సెంటీమీటర్లు దాటుతుంది, అంత పెద్ద పోత ఖరీదు కాబట్టి కంపెనీలు జంకుతాయి. బ్రిటన్‌లో బస్సుల బొమ్మలు ఎక్కువగా 76వ వంతులో వస్తాయి, అక్కడి చిన్న రైళ్ల లెక్క అడుగుకు నాలుగు మిల్లీమీటర్లు కావడమే కారణం. ఆ వంతులో మన బస్సు పద్నాలుగున్నర సెంటీమీటర్లు. పది సెంటీమీటర్ల అంబాసిడర్ పక్కన పెడితే పల్లెవెలుగు కాస్తా వ్యానులా కనబడుతుంది. అందుకే బస్సులు కూడబెట్టేవారు వాటికి వేరే అర కేటాయించి, అక్కడ 76 తప్ప మరో వంతును రానివ్వరు.