దూది, కర్పూరం, వెండి

మా ఊరి సినిమా హాల్లో గోడకు వరసగా ఎర్ర బకెట్లు వేలాడేవి. వాటి నిండా ఇసుక. అడుగు గుండ్రంగా ఉండేది కాబట్టి కింద పెడితే నిలబడేవి కావు. ఇంటి అవసరాలకు ఎవరూ పట్టుకుపోకుండా అలా చేస్తారట. చిన్నప్పుడు ఒకసారి ఇంటర్వెల్లో సోడా తాగుతూ, ప్రొజెక్టర్ రూము మెట్ల మీద కూర్చున్న ఆపరేటరును అడిగాను.

"మావయ్యా, ఇసుకెందుకు? నీళ్లు పోసి ఆర్పొచ్చుగా?"

"అది నీళ్లకు ఆరే మంట కాదురా అబ్బాయ్. పాతకాలం ఫిల్ము అంటుకుందంటే నీళ్లలో ముంచినా మండుద్ది. ఇసుకక్కూడా లొంగదు. చుట్టుపక్కల వాటికి అంటుకోకుండా చూసుకోవడమే మన పని. మా గురువుగారు చెప్పేవోరు."

అప్పటికి ఆ పాతకాలం ఫిల్ము వాడకం ఆగిపోయి చాలా ఏళ్లయింది. బకెట్లు మాత్రం మిగిలాయి. ఎందుకు మిగిలాయో తెలుసుకోబోతే, సినిమా పుట్టుకలోనే దాగి ఉన్న ఒక భయంకరమైన కథ బయటపడింది.

ఆ కథ ఒక వంటింట్లో మొదలైందంటారు. స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరంలో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. 1840ల నడిమి కాలంలో ఒకరోజు నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమం ఆయన చేతిలోంచి ఒలికిపోయిందట. కంగారులో భార్య కట్టుకునే నూలు ఏప్రన్‌తో తుడిచి, దాన్ని పొయ్యి దగ్గర ఆరేశాడట. ఆరీ ఆరగానే భగ్గుమని మండి, బూడిదన్నా మిగలకుండా మాయమైందట. ఈ వంటింటి ముచ్చట ఎంతవరకు నిజమైనా, 1846లో ఆయన లోకానికి చూపించిన పదార్థం మాత్రం నిజం. మామూలు దూదిని ఆమ్లంలో నానబెడితే తుపాకిమందును మించిన పేలుడు పదార్థం తయారైంది. దాని పేరు నైట్రోసెల్యులోజ్.

దూదికి పట్టించే ఆమ్లం మోతాదు తగ్గిస్తే పేలుడు గుణం తగ్గుతుంది. దాన్ని ఈథర్, ఆల్కహాల్ కలిపిన ద్రవంలో కరిగిస్తే తేనెలాంటి పాకం వస్తుంది. ఆరితే పల్చటి పొర కడుతుంది. డాక్టర్లు దాన్ని గాయాల మీద పూశారు, ఫొటోగ్రాఫర్లు గాజు పలకల మీద పూశారు. అమెరికాలోని ఆల్బనీలో జాన్ వెస్లీ హయట్ దీనికి కర్పూరం కలిపి వేడిచేసి అదిమాడు. గట్టిగా ఉంటూనే కావలసిన రూపానికి మలచడానికి వీలైన పదార్థం వచ్చింది. 1870లో పేటెంటు తీసుకున్న ఆ పదార్థమే సెల్యులాయిడ్. ఏనుగు దంతంతో చేసే బిలియర్డ్స్ బంతులకు బదులు వెతుకుతూ ఆయన ఇక్కడికి చేరాడు. నైట్రోసెల్యులోజ్ పూత పూసిన తొలి బంతులు గట్టిగా ఢీకొంటే ఒక్కోసారి తుపాకీ పేలినట్టు చప్పుడు చేసేవని హయట్ స్వయంగా చెప్పుకున్నాడు. ప్రమాదం అప్పుడే తన గొంతు వినిపించింది. విని భయపడినవారు లేరు.

ఆ సెల్యులాయిడ్‌ను పారదర్శకమైన రిబ్బనుగా మార్చిన మొదటి మనిషి ఒక పాస్టరు. న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో హానిబల్ గుడ్విన్ పిల్లలకు బైబిలు కథలు బొమ్మలతో చెప్పేవాడు. గాజు పలకలు పగిలిపోతున్నాయని, పగలని పలక కోసం ఇంటి అటకమీద ప్రయోగాలు చేశాడు. 1887లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. అది చేతికి వచ్చేసరికి 1898. ఈలోగా జార్జ్ ఈస్ట్‌మన్ కంపెనీలో పనిచేసే హెన్రీ రైషెన్‌బాక్ అలాంటి ఫిల్మే తయారుచేయగా, 1889 నుంచి కొడాక్ ఫిల్ము లోకమంతా పాకింది. గుడ్విన్ 1900లో కన్నుమూశాడు. ఆయన పేటెంటు హక్కును ఒప్పుకుని ఈస్ట్‌మన్ కంపెనీ 50 లక్షల డాలర్లు చెల్లించింది 1914లో. ఆ డబ్బును కళ్లజూసే భాగ్యం పాస్టరుగారికి దక్కలేదు.

ఆ ఫిల్ములో ఏమున్నాయో ఒకసారి చూడండి. అడుగున ఆమ్లంలో నానిన దూది. దాన్ని మెత్తగా ఉంచడానికి కర్పూరం. పైన బొమ్మను పట్టుకునే వెండి రేణువులు. వత్తి, కర్పూరం, వెండి. మన ఇళ్లలో దీపం వెలిగించడానికి సిద్ధం చేసుకునే సరంజామా ఇదే. దాన్ని చుట్టలుగా చుట్టి, నిప్పులు కక్కే కార్బన్ దీపం ముందు నుంచి పరుగెత్తించారు. పరుగు సాగినంతసేపు ఫరవాలేదు. ఒక్క బొమ్మ కొన్ని క్షణాలు దీపం ముందు ఆగిందంటే అంటుకున్నట్టే. మామూలు మంటకు గాలి కావాలి, అందుకే దుప్పటి కప్పి ఆర్పుతాం. నైట్రోసెల్యులోజ్‌తో చేసిన ఈ నైట్రేట్ ఫిల్ము తనకు కావలసిన ఆక్సిజన్‌ను తన ఒంట్లోనే దాచుకుంటుంది. కప్పినా ముంచినా ఆరదు. పైగా అది వదిలే నారింజ రంగు పొగ ఊపిరితిత్తుల తడికి ఆమ్లంగా మారుతుంది.

1895 డిసెంబరులో పారిస్‌లో లూమియర్ సోదరులు డబ్బు తీసుకుని సినిమా చూపించారు. ఏడాదిన్నర తిరక్కముందే, 1897 మే 4న, అదే పారిస్‌లో చితి మండింది. ధనిక కుటుంబాల స్త్రీలు పేదల కోసం ఏటా జరిపే విరాళాల సంత అది. చెక్కతో పెద్ద పాక కట్టి, రంగులు వేసిన గుడ్డలతో పాతకాలపు వీధిలా అలంకరించారు. ఓ మూల సినిమా ప్రదర్శన పెట్టారు. ప్రొజెక్టర్ దీపానికి ఈథర్ వాడేవారు. దీపంలో ఈథర్ నింపుతుండగా వెలుతురు కోసం సహాయకుడు అగ్గిపుల్ల గీశాడు. కొద్ది నిమిషాల్లో 126 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఆస్ట్రియా మహారాణి చెల్లెలు అలాన్సోన్ డచెస్‌ను, కాలిన శవాల మధ్య ఆమె పళ్లు చూసి గుర్తుపట్టాల్సి వచ్చింది.

ముందుగా అంటుకున్నది ఈథర్ ఆవిరే అయినా, సినిమాకు నిప్పుతో పొత్తు ఉందని లోకానికి అర్థమైంది. చిన్నాపెద్దా ప్రమాదాలు జరుగుతూనే ఉన్నాయి. బ్రిటన్ 1909లో సినిమాటోగ్రాఫ్ చట్టం తెచ్చింది. ప్రొజెక్టరును మంటకు తట్టుకునే విడి గదిలో పెట్టాలి, హాలుకు లైసెన్సు ఉండాలి. మన హాళ్లలో వెనక ఎత్తుగా గది, గోడకు చిన్న కంత, దానికి ఇనుప మూత కనిపించేవి కదా, వాటి పుట్టుక ఇదే. లైసెన్సు ఇచ్చే అధికారం చేతికి రాగానే బ్రిటన్‌లో స్థానిక సంస్థలు హాలు భద్రతతో ఆగలేదు, తెర మీద ఏం చూపాలో కూడా చెప్పడం మొదలుపెట్టాయి. 1912లో అక్కడ సినీ పరిశ్రమ తన సెన్సారు బోర్డును తానే పెట్టుకుంది. మన దేశంలో 1918 చట్టం హాలు భద్రతనూ సెన్సారునూ ఒకే గాటన కట్టింది. 1920లో మద్రాసుతో సహా పెద్ద నగరాల్లో సెన్సారు బోర్డులు వెలిశాయి. సినిమాకు ముందు తెర మీద పడే సర్టిఫికెట్ వంశవృక్షం వెతుక్కుంటూ పోతే, దాని వేళ్లు ఈ మంటల్లోనే తేలతాయి.

చట్టం ఉన్నా ఊళ్లు ఊళ్లే. 1926 సెప్టెంబరు 5, ఆదివారం. ఐర్లాండులోని డ్రమ్‌కొలొహర్ అనే పల్లెలో ఒక కొట్టం పై అంతస్తులో సినిమా వేశారు. ఆదివారం నగరంలో హాళ్లు మూసి ఉంటాయి కనుక కార్క్ నుంచి రీళ్లు అనధికారంగా తెచ్చారు. బరువు ఎక్కువని ఇనుప డబ్బాలు అక్కడే వదిలేసి, రీళ్లను ఒట్టి సంచిలో పెట్టుకొచ్చారు. బల్ల మీద కొవ్వొత్తి, దాని పక్కనే రీళ్లు. కొవ్వొత్తి మంట రీలును తాకింది. కిందికి దిగే ఒకే ఒక్క దారి మంట పక్కనే ఉంది. వెనక కిటికీలకు ఇనుప ఊచలు. 48 మంది పోయారు. చాలామందిని చర్చి ఆవరణలో ఒకే సమాధిలో పెట్టారు.

మూడేళ్ల తర్వాత, 1929 డిసెంబరు 31న, స్కాట్లాండులోని పెయిజ్లీ పట్టణంలో గ్లెన్ సినిమా. మర్నాడు కొత్త సంవత్సరం. పెద్దవాళ్లు పనుల్లో ఉండి పిల్లల్ని మధ్యాహ్నం ఆటకు పంపారు. ఆడించిన రీలును డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఒక బ్యాటరీ మీద ఉంచారు. ఇనుము తగిలి కరెంటు పారింది, డబ్బా వేడెక్కింది, లోపల ఫిల్ము పొగలు కక్కింది. హాల్లోకి మంట రానేలేదు. వచ్చింది పొగ ఒక్కటే. వందలాది మంది పిల్లలు ఒక్కసారిగా తెర పక్కనున్న ద్వారం వైపు ఉరికారు. ఆ దారిలో ఇనుప గేటు మూసి ఉంది. ముందున్నవారి మీద వెనకవాళ్లు పడ్డారు. 71 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాతే బ్రిటన్‌లో నిబంధనలు గట్టిపడ్డాయి. సినిమా హాళ్లకు చాలినన్ని దారులు ఉండాలి, తలుపులు బయటికి తెరుచుకోవాలి, తోస్తే చాలు తెరుచుకునేలా అడ్డకడ్డీ ఉండాలి.

అదే ఏడాది మే 15న అమెరికాలో ఒక ఆసుపత్రి ఇదే ఫిల్ముకు బలైంది. క్లీవ్‌లాండ్ క్లినిక్ నేలమాళిగలో ఎక్స్‌రే ఫిల్ములు బీరువాల నిండా ఉన్నాయి. అవీ నైట్రేటే. వేడికి కుళ్లి, అంటుకుని, విషవాయువులు గొట్టాల గుండా, మెట్ల గుండా అంతస్తులన్నీ కమ్మేశాయి. 123 మంది చనిపోయారు. నడుచుకుంటూ బయటికొచ్చి, బాగానే ఉన్నామన్నవారిలో కొందరు గంటల తర్వాత కుప్పకూలారు. ఆ క్లినిక్ స్థాపకుల్లో ఒకరైన డాక్టర్ జాన్ ఫిలిప్స్ ఆ రాత్రే కన్నుమూశారు.

నా మనసు అన్నిటికంటే ఎక్కువగా ఇక్కడే కలుక్కుమంటుంది. అప్పటికే సులువుగా అంటుకోని ఫిల్ము ఉంది. ప్రమాదం లేని ఎక్స్‌రే ఫిల్ము బజారులో దొరుకుతోంది. నైట్రిక్ ఆమ్లానికి బదులు ఎసిటిక్ ఆమ్లంతో చేసే ఎసిటేట్ ఫిల్మును కొడాక్ 1910 ప్రాంతాల్లోనే తయారుచేసింది. అది ముడుచుకుపోతోందని, త్వరగా తెగుతోందని సినిమావాళ్లు వద్దన్నారు. 1923లో ఇళ్లలో సినిమాలు తీసుకోవడానికి 16 మి.మీ. ఫిల్ము తెచ్చినప్పుడు మాత్రం కొడాక్ దాన్ని ఎసిటేట్‌తోనే చేసింది. సినిమా హాళ్లలో ఆడే 35 మి.మీ. నైట్రేట్‌ను ఎవరైనా నిలువునా రెండుగా చీల్చి వాడతారేమోనని కొలత కూడా ఆలోచించి పెట్టారంటారు. కెమెరా కొనగలిగిన కుటుంబం డ్రాయింగు రూములోకి మండే ఫిల్ము పోకూడదని అంత జాగ్రత్తపడ్డ చేతులే, ప్రొజెక్టర్ గదిలో చెమటోడ్చే ఆపరేటరుకు మరో పాతికేళ్లు అదే మందుగుండు అందించాయి. గట్టి ట్రైఎసిటేట్ ఫిల్ము 1948లో వచ్చింది. 1950ల మొదట్లో కొడాక్ నైట్రేట్ తయారీ ఆపేసింది.

అప్పటికే మనుషుల తర్వాత సినిమాల వంతు వచ్చింది. నైట్రేట్ అంటుకోకపోయినా బతకదు. డబ్బా మూత తీయగానే ముక్కుపుటాలు మండే ఘాటు. బొమ్మ గోధుమ రంగుకు తిరిగి వెలిసిపోతుంది. తర్వాత చుట్లు బెల్లం పాకంలా ఒకదానికొకటి అంటుకుంటాయి, బుడగలు లేస్తాయి, ముద్ద కడుతుంది. చివరికి నశ్యంలాంటి పొడి మిగులుతుంది. అలా కుళ్లుతున్న ఫిల్ము 40 డిగ్రీల వేడికే తనంతట తాను అంటుకోగలదు. 1937 జులైలో, వడగాడ్పుల రోజుల్లో, న్యూజెర్సీలోని లిటిల్ ఫెరీలో ఫాక్స్ కంపెనీ గిడ్డంగి అలాగే మండింది. ఆ సంస్థ తీసిన మూకీల్లో చాలా భాగం ఒక్క రాత్రిలో పోయింది. మంటల వేడికి ఒక పిల్లవాడి ప్రాణమూ పోయింది. అమెరికాలో తీసిన 10,919 మూకీ కథాచిత్రాల్లో తొలి రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తేల్చింది.

న్యూజెర్సీ ఎండకే అలా అయితే, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన నేల మాటేమిటి? రఘుపతి వెంకయ్యగారు 1910 ప్రాంతాల్లో గుడారాలు వేసుకుంటూ దక్షిణ దేశమంతా తిరిగి చూపించిన బొమ్మలూ ఈ ఫిల్ము కాలానివే. ఆయన, కుమారుడు ప్రకాశ్ కలిసి తీసిన మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' ఈనాడు చూద్దామంటే లేదు. హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. లీలావతిగా సురభి కమలాబాయి పాడిన పాటలు, హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య గర్జనలు మనకు దక్కలేదు. అన్నీ కాలిపోయాయనలేం. కొన్ని కుళ్లాయి. కొన్నిటిని తూకానికి అమ్మేశారు. రీలు కడిగితే వెండి వస్తుంది, మిగిలిన సెల్యులాయిడ్ గాజులకు, సంచులకు పనికొస్తుంది. ఫ్రాన్సులో తొలితరం దర్శకుడు మెలియేస్ సినిమాలు మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల బూట్ల మడమలయ్యాయి. మన తొలి బొమ్మలు ఏ ఆడబిడ్డ చేతికి గాజులై పగిలాయో ఎవరికెరుక?

1964లో పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ మొదలైంది. దాని కోసం పి.కె. నాయర్ ఊరూరా తిరిగి, ఫాల్కే సినిమాల ముక్కలతో మొదలుపెట్టి, దొరికినదల్లా మోసుకొచ్చారు. ఆయనే లేకపోతే ఆ మాత్రమూ మిగిలేది కాదు. అయినా 2003 జనవరిలో పుణెలోనే, ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో, దాచిన నైట్రేట్ రీళ్లు మంటలపాలయ్యాయి. మంటలో వేసినా కాలని పిల్లవాడి కథతో మన టాకీ మొదలైంది. ఆ పిల్లవాడిని రక్షించిన దేవుడు ఆ రీలును రక్షించలేదు. రక్షించాల్సింది దేవుడు కాదు, మనం.

మా ఊరి హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలు. సినిమాకని నగరంలో మాల్‌కి వెళితే అక్కడ ఎర్ర బకెట్లు లేవు, ఆపరేటరు లేడు, రీలు అసలే లేదు. మొన్న ఆట వదలగానే జనంతో పాటు పక్క ద్వారం దగ్గరికి వచ్చాను. నా ముందు ఏడెనిమిదేళ్ల పాప. రెండు చేతులతో తలుపుకున్న అడ్డకడ్డీని తోసింది. తాళం లేదు, గడియ లేదు. అంత పెద్ద తలుపు ఆ చిన్న చేతులకు లొంగి, బయటికి తెరుచుకుంది.